గోడకు పూసిన ఇంగ్లీషు

ఇంగ్లీషులో ఒక మాట ఉంది. ఎఫ్లోరెసెన్స్. దాన్ని పలకాలంటే నోట్లో పళ్ళన్నీ ఉండాలి. నాకిప్పుడు సగమే మిగిలాయి కాబట్టి ‘ఫ’ దగ్గరే గాలి జారిపోతుంది. పూత అని దాని అర్థం. మొగ్గ విచ్చుకుని పువ్వు బయటికి రావడం. ఇంత చిన్న సంగతికి అంత పొడుగు మాట ఎందుకు పెట్టుకున్నారో ఆ దొరలకే తెలియాలి. మనమైతే ‘పూసింది’ అని మూడక్షరాల్లో తేల్చేసి వేరే పని చూసుకుంటాం.

ఈ మాట వెంటబడి నేను ధర్మవరం నుంచి పెనుకొండకు, పెనుకొండ నుంచి హిందూపురానికి, హిందూపురం నుంచి మళ్ళీ ధర్మవరానికి తిరిగాను. నడివేసవిలో, కాలికి చెప్పులు లేకుండా, గొంతు తడుపుకోను చుక్క నీరు దొరక్క తిరిగానని మా ఇంట్లో పిల్లలకు చాలాసార్లు చెప్పాను. చెప్పులు ఉన్నాయి. రైలూ ఉంది. పెనుకొండ స్టేషన్ ఊరికి దూరం కాబట్టి అక్కడినుంచి మాత్రం నడిచాను. అది కూడా జట్కావాడు నాకంటే ముందు దిగినవాళ్ళను ఎక్కించుకుని కదిలిపోయాడు కాబట్టి. ఎండ మాత్రం నిజం. ఎండ విషయంలో మా సీమవాడికి అబద్ధం చెప్పాల్సిన అవసరం రాదు.

యాభైల చివరి సంవత్సరాలవి. నేను పెనుకొండలో ఒక కచేరీలో గుమాస్తాగా కొత్తగా చేరాను. మాది మగ్గాల ఇల్లు. నాయన హిందూపురంలో నూలు చీరలు నేసేవాడు. ఆ ఇంట్లో మగ్గం గుంతలో కాలు పెట్టకుండా తప్పించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. దానికి కారణం ఇంగ్లీషు. పరీక్షలో ఇంగ్లీషులో జిల్లాకంతా మొదటివాణ్ణని బంధువులందరికీ పేరు పడింది. ఆ పేరు నేను పెట్టుకోలేదు, నాయన పెట్టాడు. నేను కాదనలేదు, అంతే. నిజానికి ఇంగ్లీషులో నన్ను ఎవరో దయగల పంతులు నాలుగు మార్కులు కలిపి గట్టెక్కించాడు. కానీ ఒకసారి ఇంగ్లీషు వచ్చినవాడని పేరు పడ్డాక ఇక నీకు రాదని ఒప్పుకునే దారి ఉండదు. మందు సీసా మీద రాసింది చదవాలన్నా నేనే, రైలు టికెట్టు వెనక ఏముందో చెప్పాలన్నా నేనే. ఆ ఖర్మ నన్ను ధర్మవరం దాకా తరుముకొచ్చింది.

ధర్మవరంలో మా అక్క ఉంది. బావ పట్టుచీరలు నేసేవాడు. చాలాకాలం పరాయివాళ్ళ ఇంట్లో, పరాయి మగ్గం మీద నేశాడు. మగ్గం గుంత అంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను: నేసేవాడు నేలమీద కూర్చుని కాళ్ళు గుంతలోకి వేలాడేసి, అడుగున ఉన్న తొక్కుడు చెక్కలను తొక్కుతూ నేస్తాడు. గుంత లోతు ఇంటాయన కాళ్ళకు తగినట్టు తవ్వుకుంటారు. బావ పొడుగు మనిషి. ఆయన పనిచేసిన ఇంటి యజమాని పొట్టి. అన్నేళ్ళూ బావ మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుని, చలికి ముడుచుకున్న కొంగలాగా కూర్చుని నేశాడు. సాయంత్రం ఇంటికొస్తే కాళ్ళు చాపడానికి అక్క వాటిని పట్టి లాగాల్సి వచ్చేది. లాగేదని అక్క చెప్పలేదు, నేను కల్పించాను. నూనె మాత్రం రాసేది.

ఆయనకు జీవితంలో ఒకే కోరిక. తన కాళ్ళ కొలతకు తవ్విన గుంత. దానికోసం ఇంటి వెనక ఒక గది కట్టుకున్నాడు. మన్ను మెత్తిన రాతి గోడలు, పైన మట్టి మిద్దె. గుంత తనే తవ్వుకున్నాడు, అంచు మీద కూర్చుని కాళ్ళు వేలాడేసి చూసుకోవడం, లేచి ఇంకాస్త తవ్వడం. పట్టు, జరీ ఇచ్చే షావుకారు ఒక మగ్గం కూడా తెచ్చి ఆ గదిలో పెట్టించి, చీరలకు నిలువు పోగులుగా ఒక పడుగు ఎక్కించాడు. మాట మాత్రం ఖచ్చితంగా చెప్పి పోయాడు. ఈ పడుగు మీద చీరలు మచ్చ లేకుండా దిగితే మగ్గం ఇక్కడే ఉంటుంది. లేకపోతే విప్పి బండికెత్తుకుని పోతాడు, బావ మళ్ళీ ఆ పొట్టి గుంతలో కాళ్ళు ముడుచుకోవాలి.

పడుగు ఎక్కించిన కొద్దిరోజులకే గుంత పక్కనున్న గోడ పూసింది.

నన్ను పిలిపించారు. నేను ఆదివారం పోయి చూశాను. గోడంతా జానెడు మందాన ఉప్పు పేరుకుని, గీకితే ఇంటికి ఏడాదికి సరిపోయేంత వచ్చేలా ఉందని తర్వాత కచేరీలో చెప్పాను. అంత లేదు. ముగ్గుపిండి చల్లి ఊదితే ఎలా ఉంటుందో అలా ఉంది. నేల దగ్గర మొదలై నడుము ఎత్తు దాకా తెల్లగా, మెత్తగా, దగ్గరికి పోయి చూస్తే సన్నటి నూగులాగా. చూడ్డానికి అందంగానే ఉంది. పాపిష్టిది అందంగా ఉండబట్టే ఇంకా ఒళ్ళు మండింది. గాలి ఆడితే ఆ పొడి లేచి పడుగు మీద పడుతోంది. పడినచోట పట్టు జిగి పోతోంది, జరీ మసకబారుతోంది. అక్క తన పాత చీర తెచ్చి నేసిన మేరకు కప్పింది. కానీ నేస్తున్న చోట కప్పలేం కదా.

బావ చేస్తున్న వైద్యం చూస్తే నాకు పిచ్చెక్కింది. రోజూ పొద్దున్నే తడిగుడ్డ పెట్టి గోడ మొత్తం కడిగేవాడు. సాయంత్రానికి శుభ్రంగా ఉండేది. మర్నాడు పొద్దున అంతకు రెండింతలు పూసేది. మళ్ళీ కడిగేవాడు. సున్నం కొట్టాడు. సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచి అది కూడా పడుగు మీదే పడింది. వీధిలో ఒకరు దిష్టి అన్నారు, గుమ్మడికాయ కట్టారు. ఒకరు చెదలు అన్నారు. ఇంకొకరు అక్కడ ఎప్పుడో ఎవరినో పూడ్చి ఉంటారన్నారు, ఆ మాటకు అక్క వాళ్ళను గడప దాకా సాగనంపి వచ్చింది. ఎవరెన్ని చెప్పినా బావ ఊఁకొట్టి వినేవాడు. గోడ మెత్తడానికి ఏ మన్ను వాడావని అడిగితే మాత్రం వెంటనే దగ్గొచ్చేది. దగ్గయ్యాక చెరువు మన్ను అనేవాడు. బండ్లకొద్దీ మంచి చెరువు మన్ను తోలించానని వీధి వీధంతా ఎప్పుడో చెప్పుకున్నాడు.

నేను మళ్ళీ పోయిన ఆదివారం వచ్చాడు ఓవర్సీరు. స్టేషన్ వైపు ఏదో కట్టడం పని చూడ్డానికి కోస్తా నుంచి వచ్చినవాడు. బావ ఆయన్ను బతిమాలి ఇంటికి పిలుచుకొచ్చాడు. ఆయన గదిలోకి రాలేదు. చెప్పులు విప్పాల్సి వస్తుందని గడప దగ్గరే నిలబడి, మెడ లోపలికి చాచి, ఒక్క చూపు చూశాడు.

“ఇది ఎఫ్లోరెసెన్స్ అండీ. ఎక్కడైనా వచ్చేదే” అన్నాడు.

అక్క ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయాడు. మందేమిటో చెప్పలేదు. ఎందుకొచ్చిందో చెప్పలేదు. పేరు పెట్టి పోయాడు. పిల్లవాడికి పేరు పెట్టిన పురోహితుడు కూడా ఇంతకంటే ఎక్కువ సేపు కూర్చుంటాడు.

బావ ముఖం మాత్రం వెలిగిపోయింది. ఇంగ్లీషులో పేరుందంటే ఇంగ్లీషులో మందు కూడా ఉండే తీరాలని ఆయన వాదన. కళ్ళు నావైపు తిరిగాయి. “ఏమప్పా, నువ్వుండంగా మాకేం భయం. దాని మందు యాడుందో కనుక్కోని రా” అన్నాడు. ఆ మాట అంతకుముందు నేనెన్నడూ వినలేదు. కానీ వినలేదని ఎలా చెప్పను? తెలుసు, కాస్త సరిచూసుకోవాలి అన్నాను.

నన్ను పంపడానికి అక్క వీధి కొళాయి దాకా వచ్చింది. అక్కడ బిందెలతో ఆడవాళ్ళు బారుగా నిలబడ్డారు. అక్క వాళ్ళ మధ్యన నన్ను ఆపి, ఆ పేరు ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. గట్టిగా చెప్పమంది, చెవి సరిగా వినపడలేదంది. అక్క చెవులు పాము చెవులు. అయినా తమ్ముడి ఇంగ్లీషు నలుగురికీ వినిపించాలని ముచ్చట పడుతోంది కాబోలు అనుకుని, ఛాతీ పొంగించి అక్షరం అక్షరం విడదీసి పలికాను. బిందెలన్నీ నావైపు తిరిగాయి. అక్క తల ఊపి, “పోయిరా. హిందూపురం దాకా పోయి పెద్ద డిక్షనరీలో చూసి రావాల్సిన మాట అది” అంది, నాతో కాదు, బిందెలతో.

పెనుకొండలో మా కచేరీ డిక్షనరీ తీశాను. దాన్ని డిక్షనరీ అనడం దానికి మర్యాద చేయడమే. ఎఫిషియెంట్ తర్వాత నేరుగా ఎఫర్ట్ వచ్చేసింది, మధ్యలో నా మాట ఉండాల్సిన చోట లేదు. హెడ్ గుమాస్తాను అడిగితే, ఆ మాట తనకు బాగా తెలుసునని, ఇప్పుడు పని మీద ఉన్నానని అన్నాడు. ఆయన అన్న తీరు చూస్తే నాకు అద్దంలో నన్ను చూసుకున్నట్టు ఉంది. ఆసుపత్రిలో కాంపౌండరు దగ్గరికి పోయాను. ఆయన గట్టిగా చెప్పాడు, అది ఒంటి మీద లేచే పొక్కులని, డాక్టరు నోట విన్నానని.

“మనిషికి కాదప్పా, గోడకు వచ్చినాది” అన్నాను.

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, “గోడను తీసుకోనిరా, చూస్తాం” అన్నాడు.

కిటికీ దగ్గర వరుసలో ఉన్న రోగులు కూడా నవ్వారు. జ్వరంతో మూలుగుతున్నవాడు సైతం నవ్వాడు. నాకు ఆ క్షణాన బావ మీద, ఆ గోడ మీద, ఆ ఓవర్సీరు తాగిన కాఫీ మీద ఒకేసారి కోపం వచ్చింది. కచేరీలో లీవు చెప్పి హిందూపురం రైలెక్కాను. మూడో తరగతి పెట్టెలో చింతపండు మూటల మధ్య కూర్చుని, ఆ మాట మరిచిపోకుండా నోట్లో నములుతూ పోయాను. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ నేను మంత్రం జపిస్తున్నాననుకుని తన మనవడి నెత్తిమీద చెయ్యి పెట్టమంది. పెట్టాను. ఏం చేయను.

హిందూపురంలో నాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టరు ఉన్నాడు. అప్పటికే పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. పెద్ద డిక్షనరీ ఆయన దగ్గర తప్ప ఆ చుట్టుపక్కల లేదు. దాన్ని తువ్వాలలో చుట్టి ఉయ్యాల బల్ల మీద పెట్టేవాడు, తను మాత్రం కింద చాప మీద కూర్చునేవాడు. నన్ను చూడగానే సంగతేమిటని అడగలేదు. నా ఇంగ్లీషు ఎంత ఘోరంగా ఉండేదో సగం తెలుగులో సగం కన్నడంలో మొదలుపెట్టాడు. నేను రాసిన ఒక వ్యాసం ఆయనకు ఇంకా గుర్తుంది. మా ఊళ్ళో అది గుర్తున్న ఒకే ఒక్క మనిషి ఆయన కావడం, నాకు కావాల్సిన పుస్తకం ఆయన దగ్గరే ఉండటం ఏం న్యాయమో నాకు తెలియదు. చేతులు కడుక్కుని రమ్మన్నాడు. కడుక్కుని వచ్చాను. తుడుచుకోలేదని మళ్ళీ పంపాడు.

చివరికి తువ్వాల విప్పాడు. ఆ పుటలు నేనే తిప్పి, ఆ మాట నేనే పట్టుకున్నానని రాయాలని ఉంది. నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆయన వేలు పెట్టి చదువుతుంటే నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తల ఊపాను. మొదటి అర్థం, పూలు పూయడం, చెట్టు పూతకు రావడం. రెండోది, ఒంటి మీద దద్దు లేవడం. అంటే కాంపౌండరు అబద్ధం చెప్పలేదు, ఆ సంగతి నన్ను ఇంకా చిరాకు పెట్టింది. మూడోది, స్ఫటికాలు తమలోని నీరు ఆరిపోయి పొడి కావడం. నాలుగోది, నేల మీదో గోడ మీదో ఉప్పు తెల్లగా పైకి రావడం.

ఒక్క మాటకు ఇన్ని పనులు అప్పజెబితే అది ఏ పనీ సరిగా చేయదని నేను గొణిగాను. మాస్టరు నా గొణుగుడు వినిపించుకోలేదు. ఆయనకు అసలు రుచి ఆ తర్వాత మొదలైంది, ఆ మాట పుట్టుక దగ్గర. లాటిన్లో పువ్వును ఫ్లోస్ అంటారట. దాన్నుంచి పూతకు రావడం అనే క్రియ పుట్టింది. దాని ముందు ‘ఎక్స్’ అని ఒక ముక్క తగిలించారు. ఎక్స్ అంటే బయటికి. ఆ ‘ఎక్స్’ ఫ కారం పక్కన నిలబడలేక ‘ఎఫ్’ అయి కూర్చుంది. ఫ్రెంచివాళ్ళ నోట్లో కొంతకాలం నాని ఇంగ్లీషువాళ్ళకు చేరింది. ఇదంతా ఆయన ఉయ్యాల గొలుసు పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెళ్ళిచూపుల్లో వంశం చెప్పినట్టు చెప్పాడు. నాకు రైలు టైం అవుతోంది.

“అయితే మా బావ గోడకు మందేమి సార్?” అన్నాను.

ఆయన కళ్ళు తెరిచాడు. “మందు ఆ ‘ఎఫ్’లోనే ఉండాది గదప్పా. బయటినించి వచ్చి గోడకు అంటుకునేది కాదు అది. లోపల ఉండేది బయటికి పూస్తాది. మన్నులో ఉప్పుండాది. నీళ్ళు తాగితే కరిగి పైకొస్తాది, నీళ్ళు ఆరితే పువ్వు మిగుల్తాది.”

గోడను రోజూ కడుగుతున్నారని చెప్పాను.

“రోజూనా?” అన్నాడు. పుస్తకం మూసేశాడు. “అయితే మల్లెచెట్టుకు పోసినట్ల పోస్తాండారు.”

రైల్లో నేను తయారుచేసుకున్న ఉపన్యాసం ఇంతా అంతా కాదు. ఫ్లోస్ నుంచి మొదలుపెట్టాలి. ‘ఎఫ్’ దగ్గర కాసేపు ఆగాలి, బావ వైపు వేలు చూపాలి, ‘లోపలి నుంచి’ అనాలి. అప్పుడు ఉప్పు ఎక్కడినుంచి వచ్చిందో ఆయన చేత చెప్పించాలి. మెత్తిన మన్ను పెళ్ళగించి పారేస్తే తప్ప మగ్గం దక్కదని తేల్చాలి. ఇక్కడినుంచి కథ నేను నలభై ఏళ్ళుగా ఇలా చెబుతున్నాను: నేను ఇంట్లోకి అడుగుపెట్టాను, అర్థం విప్పాను, గడ్డపార అందుకుని మొదటి దెబ్బ నేనే వేశాను, మగ్గం నిలిచింది.

అందులో ఒక్క ముక్క నిజం. ఇంట్లోకి అడుగుపెట్టాను.

పెట్టేసరికి పెరట్లో మన్ను కుప్పగా పోసి ఉంది. కుప్ప పక్కన చాకలామె గాడిద నిలబడి ఉంది. చాకలామె ఆ మన్ను పిడికెడు తీసి, నాలుక కొసతో రుచి చూసి, ఎంతో సంతోషంగా గోతంలోకి ఎత్తుకుంటోంది. నాకు అప్పటికీ బుర్ర వెలగలేదు. గదిలోకి తొంగి చూశాను. మగ్గానికీ గోడకూ మధ్య దుప్పట్లు తడిపి పిండి వేలాడదీశారు. ఇటుపక్క బావ గుంతలో కూర్చుని నేస్తున్నాడు. అటుపక్క అక్క కొంగు నెత్తికి చుట్టుకుని, పాత కొడవలితో గోడకు మెత్తిన మన్నును గీకి గంపలోకి రాలుస్తోంది. సగం గోడ అప్పటికే బోసిగా రాళ్ళు బయటపెట్టుకుని ఉంది.

నన్ను చూసి అక్క గంపతో సహా పెరట్లోకి వచ్చింది. నేను ఆగలేక ఫ్లోస్ అన్నాను. ఎక్స్ అన్నాను. లోపల ఉప్పుంటే తప్ప బయట పూయదన్నాను. అక్క గంప కుప్ప మీద బోర్లించి, చాకలామె గాడిదను తోలుకుని పోయేదాకా ఆగి, గొంతు తగ్గించింది.

“ఉప్పు కాక ఇంకేముంటాదిరా. సౌడు గదా అది. నేనే తొక్కినా నా కాళ్ళతో.”

చౌడు అంటే మా వైపు అందరికీ తెలుసు. ఉప్పు తేలిన తెల్ల మన్ను. మట్టి మిద్దెల మీద దాన్ని పరిచి తొక్కితే వాన చుక్క కిందికి దిగదు. ఏటా వానలకు ముందు ప్రతి ఇంటివాళ్ళూ మిద్దె మీదికి కొత్త చౌడు ఎక్కిస్తారు. చాకలివాళ్ళు దాంతో బట్టలు ఉడకబెడతారు. ఇక దేనికీ పనికిరాదు. పైకప్పు మీద ఉండాల్సిన వస్తువు అది.

బావ మిద్దెకు తోలించిన చౌడు రెండు బండ్లు మిగిలింది. పారబోయడానికి మనసొప్పలేదు. మిద్దె మీద వానను ఆపే మన్ను గోడలో తేమను ఆపదా అని ఆలోచించాడు. గుంత పక్కన తేమ వస్తుందని, ఆ ఒక్క గోడకు మరీ శ్రద్ధగా, చెరువు మన్నులో సగానికి సగం చౌడు కలిపించి మెత్తించాడు. వీధిలో మాత్రం అంతా చెరువు మన్నే అన్నాడు. ఇంత తెలివి మా ఊళ్ళవాళ్ళకు తప్ప ఇంకెవరికి వస్తుంది? చౌడు మిద్దె కింద పుట్టి పెరగనివాడికి ఆ తప్పు చేసే యోగ్యతే లేదు.

“ఇదంతా తెలిసి మొదటి దినమే చెప్పొచ్చు గదా” అన్నాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

“ఎవురికి చెప్పాల? మీ బావకు తెల్దా? తెలిసే దగ్గుతాండాడు. కొట్టేద్దామంటే, వీధిలో అడిగితే ఏం చెప్పేది అంటాడు. గోడకు సౌడు మెత్తినోడని పేరు పడితే సచ్చేదాకా పోదురా. ఇంగ్లీషులో పేరుండే రోగానికి గోడ కొట్టేస్తే ఎవురూ నగరు.”

“అయితే నన్ను హిందూపురం దాకా ఎందుకు తిప్పినావు?”

“నువ్వు పోతేనే గదా అది పెద్దరోగమని వీధి నమ్మేది. నువ్వు రైలెక్కినావని తెలిసినాకనే మీ బావ సరే అన్న్యాడు. పొయినావు, చాలు. నువ్వు తిరిగొచ్చి చెప్పాల్సిందేమీ లేదు.”

కొళాయి దగ్గర బిందెల మధ్య నన్ను నిలబెట్టి అరిపించింది ఎందుకో అప్పుడు అర్థమైంది. నా ఇంగ్లీషు మీద ముచ్చట కాదు. దండోరా వేయించింది. నేను డప్పును.

లోపల తొక్కుడు చెక్కల చప్పుడు ఆగింది. బావ నన్ను పిలిచాడు. పోయాను. ఆయన గుంతలోంచి లేవకుండానే, పడుగు మీద చూపు పెట్టి అడిగాడు.

“ఏమప్పా, తెలిసిందా దాని అర్థం?”

అక్క గడప దగ్గర నిలబడి నన్ను చూస్తోంది. నా గొంతులో ఫ్లోస్ ఉంది, ఎక్స్ ఉంది, ఫ్రెంచివాళ్ళు ఉన్నారు, మాస్టరు తిట్లు ఉన్నాయి, కాంపౌండరు నవ్వు ఉంది. ‘లోపలినుంచి బయటికి’ అని ఒక్క ముక్క అంటే చాలు, తిరిగిన తిరుగుడంతా వసూలవుతుంది. ఆయన వేళ్ళు జరీ పోగు మీద ఆగిపోయి ఉన్నాయి. ఆ వేళ్ళు చూసి నేను అదంతా మింగాను.

“పూత అని అర్థం బావా. అంతే.”

“పూతనా. మందు?”

“మందు లేదంట. గోడకు మెత్తింది గీకేయడమే.”

“నేనూ అదే అనుకుంటాండా” అన్నాడు బావ. చెక్కలు మళ్ళీ కదిలాయి.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. అబద్ధం, బాగా తిన్నాను. కానీ ప్రతి ముద్దకూ ఆ ‘ఎక్స్’ అడ్డం పడింది.

పడుగు పూర్తయ్యాక షావుకారు చీరలు చూడ్డానికి వచ్చాడు. వాకిట్లో వెలుతురుకు పట్టి జరీ అంచు వేలితో రాసుకుంటూ చూశాడు. మొదటి చీరలో ఒకచోట జరీ కొంచెం మసకగా ఉంది. చూశాడు, మడిచి పక్కన పెట్టాడు. తక్కినవి మెరుస్తున్నాయి. తర్వాత గదిలోకి పోయి రాళ్ళు తేలిన గోడ చూసి, ఇదేం కత, గోడ బట్టలిప్పుకోని నిలబడిందే అన్నాడు. బావ నిటారుగా నిలబడి, “ఎఫ్లోరెసెన్స్ అప్పా” అన్నాడు. ఎక్కడా తడబడలేదు. మగ్గం తొక్కుతూ తొక్కుతూ లోపల అభ్యాసం చేసుకున్నాడన్నమాట. షావుకారు తల ఊపి, ఓ అదా, మా ఇంట్లో కూడా వచ్చినాదిలే అన్నాడట. పక్కనున్న మనిషికి కొత్త పడుగు తెమ్మని చెప్పాడట. నేను అక్కడ నిలబడి కళ్ళారా చూసినట్టు చెప్పాను కానీ ఆ రోజు పెనుకొండలో ఉన్నాను. అక్క చెప్పింది. అక్క నాలాగా పెంచి చెప్పదు.

గోడను తర్వాత ఒట్టి చెరువు మన్నుతో మెత్తుకున్నారు. అది మళ్ళీ పూయలేదు. ప్రతి ఎండాకాలమూ చాకలామె మాత్రం గడప దగ్గర నిలబడి, మీ గోడ మళ్ళ ఎప్పుడు పూస్తాదమ్మా అని అడిగేది. అంత మంచి చౌడు తనకు ఇంకెక్కడా దొరకలేదట. ఆ మాట వినపడితే చాలు, బావకు దగ్గొచ్చేది.

అరవైల్లో ఒకసారి పోయినప్పుడు బావ ఇంట్లో లేడు, పట్టు తేవడానికి పోయాడు. నేను ఆ గదిలోకి పోయి గుంత అంచున కూర్చుని కాళ్ళు వేలాడేశాను. నా కాళ్ళు చెక్కలను అందలేదు. వేళ్ళు సాచినా అందలేదు. గాలిలో ఆడిస్తూ, ఇంత లోతు తవ్వే బదులు మెట్లు కట్టుకోవాల్సిందని లోపల విసుక్కుంటూ కూర్చున్నాను. ఎప్పుడొచ్చాడో బావ వెనక నిలబడి ఉన్నాడు.

“లెయ్యప్పా. నీ కాళ్ళకు తవ్వింది కాదది” అన్నాడు.

లేచాను. ఆయన కూర్చుని, కాళ్ళు నిండుగా చాపుకుని, నేయడం మొదలుపెట్టాడు.